సంక్రాంతి దాటని తీర్మానాలు: ఒక కండక్టరమ్మతో ఏడాది పాటు చేసిన పని

2023 డిసెంబర్ ఆఖరి వారంలో ఒక బస్ కండక్టర్ నా దగ్గరికి వచ్చి, బ్యాగులోంచి టికెట్ మిషన్‌లో వేసే పేపర్ రోల్ ముక్క ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది. జానెడు పొడవుంటుంది. అది చుట్టుకుపోతుంటే రెండు చివర్లూ వేళ్లతో నొక్కి పట్టుకుని చూపించింది. వెనకవైపు నీలం పెన్నుతో ఏడు లైన్లు రాసి ఉన్నాయి. "కొత్త సంవత్సరం నుంచి ఇవన్నీ చేద్దామనుకుంటున్న మేడం, మీరు చూసి సరిగ్గ ఉన్నయో లేవో చెప్పుండ్రి" అంది.

పొద్దున 5 గంటలకు లేచి గంట నడవాలె. అన్నం బంద్. చాయ్ బంద్. చక్కెర బంద్. బయటి తిండి బంద్. రాత్రి 7 దాటితే ఏం తినొద్దు. ఉగాది వరకు 15 కిలోలు తగ్గాలె.

నేను హన్మకొండలో పదిహేనేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ప్రతి జనవరిలో ఇలాంటి లిస్టులు పదుల కొద్దీ చూస్తాను, ఫోన్లలో, డైరీల్లో, పిల్లల నోట్‌బుక్ పేజీల్లో. వాటిలో చాలా మటుకు సంక్రాంతి దాటవు. ఈ లిస్టు కూడా దాటలేదు. కానీ ఆ తర్వాత జరిగింది నా పని చేసే పద్ధతినే మార్చింది కాబట్టి మొత్తం కేసు రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టేలా ఉన్న కొన్ని వివరాలు మార్చాను. ఇక్కడ ఆమెను అక్క అనే అంటాను, నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా అలాగే పిలుస్తాను.

మొదటిసారి వచ్చినప్పుడు

అక్కకు అప్పుడు 41 ఏళ్లు. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 74.2 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు నడుము 80 దాటితేనే జాగ్రత్త పడమంటాం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వచ్చే దారిలో ఉన్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే వచ్చినట్టు. డాక్టర్ గారు ఆర్నెల్లు చూద్దాం, మందు తర్వాత ఆలోచిద్దాం అని నా దగ్గరికి పంపారు.

ఈ ఏడాదే ఎందుకు అని అడిగాను. వాళ్ల అమ్మకు షుగర్, అంతకు రెండు నెలల ముందు కాలి బొటనవేలు తీసేశారట. కట్టు మార్చడానికి తీసుకెళ్లేది అక్కే. ఆ మాట చెబుతూ తన చెప్పులోంచి కాలు కొద్దిగా బయటికి తీసి వేళ్ల వంక చూసుకుంది. అంటే ఈ మనిషికి పట్టుదల లేదని, భయం లేదని, కారణం లేదని అనడానికి లేదు. ఈ కేసులో ఇది ముఖ్యం, ఎందుకంటే తర్వాత ఫెయిలైనప్పుడు చుట్టూ ఉన్నవాళ్లూ, ఆమే కూడా మొదట తిట్టుకున్నది పట్టుదలనే.

నేను ఆ రోజు చేసింది చెబుతాను. లిస్టు చూశాను, మంచిదే గానీ అన్నం పూర్తిగా మానొద్దు, 15 కిలోలు చాలా ఎక్కువ, ఆరు చాలు అన్నాను. తర్వాత అందరికీ ఇచ్చే ప్రింటెడ్ డైట్ చార్ట్ ఇచ్చాను. ఉదయం 6.30 గోరువెచ్చని నీళ్లు, 8.30 టిఫిన్, 11కి పండు, 1 గంటకు భోజనం, అలా రాత్రి 7.30 వరకు. అక్క దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. డ్యూటీ ఎన్నింటికి మొదలవుతుంది, ఎన్నింటికి అయిపోతుంది, రోజూ ఒకేలా ఉంటుందా అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఈ కేసులో అన్నిటికంటే పెద్ద తప్పు అదే, అది నాది.

జనవరి

పొద్దుటి డ్యూటీ ఉన్న వారం అక్క 4.30కి బస్సు తియ్యాలి, అంటే 3.50కే ఇంట్లోంచి బయలుదేరాలి. లిస్టులో ఐదింటికి నడక అని రాసుకుంది గానీ ఐదింటికి ఆమె బస్సులో టికెట్లు కొడుతూ ఉంటుంది. మరి మాట తప్పకూడదని ఏం చేసిందంటే, తెల్లవారుజామున 2.45కు లేచి, జనవరి చలిలో, స్వెటర్ మీద శాలువా కప్పుకుని డాబా మీద గోడ నుంచి గోడకు నలభై నిమిషాలు నడిచింది. అలా తొమ్మిది రోజులు! ఈ సంగతి నాకు మార్చిలో తెలిసింది, తెలిసినప్పుడు చాలాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు.

ఆ జనవరి మామూలు జనవరి కూడా కాదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సులు కిటకిటలాడుతున్నాయి, ఎక్కిన ప్రతి ఆడమనిషికీ డబ్బు లేని జీరో టికెట్ కొట్టాల్సిందే, నిలబడ్డ జనంలోంచి ముందుకూ వెనక్కూ తిరగాల్సిందే. దాని మీద సంక్రాంతి. పండక్కి మనమందరం ఊళ్లకు వెళ్లేది స్పెషల్ బస్సుల్లోనే కదా, ఆ బస్సులు నడిపేవాళ్లకు ఆ పది రోజులు సెలవుండదు, టైముండదు. జనవరి 10 నుంచి డ్యూటీ మీద డ్యూటీ పడింది. పదకొండున చార్ట్ ప్రకారం భోజనం చేయాల్సిన టైముకు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. సాయంత్రం బస్టాండ్‌లో డ్రైవర్ తెచ్చిన మిర్చిలు నాలుగు తినేసి రెండు చాయ్‌లు తాగింది. పండగ నాడు, అంటే 15న, అత్తగారు చేసిన సకినాలు ముందు రెండు తిన్నది, తర్వాత డబ్బా దగ్గర పెట్టుకుని తిన్నది.

"అప్పటికే చెడగొట్టిన గదా మేడం, ఇగ రెండు తింటే ఏంది, ఇరవై తింటే ఏంది అనిపించింది" అని తర్వాత చెప్పింది.

ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో. టొరంటోలో జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు డైటింగ్ చేసేవాళ్ల మీద చాలా ఏళ్లు పనిచేశారు. కట్టుబాటు ఒక్కసారి తప్పిందనుకోగానే, డైటింగ్‌లో ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ తినేస్తారని వాళ్లు చూశారు. నియమం ఎంత గట్టిగా ఉంటే, తెగినప్పుడు అంత మొత్తంగా తెగుతుంది. అక్క లిస్టులో ఏడింటిలో ఐదు "బంద్"లూ "వద్దు"లే. బంద్ అన్నదానికి మధ్య మెట్టు లేదు, ఒక్క సకినంతో అది తెగిపోతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. స్వీడన్‌లో 2020లో అచ్చైన ఒక అధ్యయనంలో 1,066 మంది కొత్త సంవత్సరం తీర్మానాలను ఏడాది పాటు గమనించారు. ఏదో ఒకటి చేస్తాను అని పెట్టుకున్నవాళ్లలో 58.9 శాతం, ఏదో ఒకటి మానేస్తాను అని పెట్టుకున్నవాళ్లలో 47.1 శాతం ఏడాది చివర తాము నెగ్గామని చెప్పారు. వాళ్లు చెప్పుకున్నదే లెక్క కాబట్టి ఆ అంకెలను నేను మరీ పట్టుకోను. కానీ తేడా ఎటువైపు ఉందన్నది నేను రోజూ చూసేదానితో సరిపోతుంది.

జనవరి 29న అక్క రావాల్సి ఉంది, రాలేదు. ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం జాతర, మా వరంగల్ వైపు బస్సుల్లో పనిచేసేవాళ్లకు అంతకు మించిన పని రోజులు ఏడాదిలో ఉండవు. జాతర అయిపోయాక నేనే ఫోన్ చేశాను. "ఏం మొఖం పెట్టుకుని రావాలె మేడం" అంది. రమ్మన్నాను, బరువు చూడను, ఊరికే మాట్లాడుకుందాం అన్నాను.

మార్చి: చార్ట్ పక్కన పెట్టి డ్యూటీలు రాసుకున్నాం

మార్చి మొదటి వారంలో వచ్చింది. బరువు చూడనన్నా తనే మిషన్ ఎక్కింది, 75.6. హెచ్‌బీఏ1సీ 6.4. ఏడ్చింది. కాసేపు ఏడవనిచ్చాను. తర్వాత ఒక తెల్లకాగితం తీసి, "అక్కా, నిన్న పొద్దున లేచినకాడి నుంచి ఏం చేసిన్రో చెప్పండి, తిండి ఒక్కటే కాదు, అన్నీ" అన్నాను. ఆ తర్వాత అంతకు ముందు రోజు, దాని ముందు రోజు, ఆపైన నాలుగు వారాల డ్యూటీలు. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్‌లో ఉంది.

అందులో నాకు కనిపించినవి చెబుతాను.

గడియారం పనికిరాదు. పొద్దుటి డ్యూటీ వారం భోజనం రెండున్నరకు ఇంట్లో, మధ్యాహ్నం డ్యూటీ వారం పదిన్నరకు ఇంట్లో తిని మళ్లీ రాత్రే. ఏ టైము రాసినా సగం వారాల్లో అది అబద్ధమే అవుతుంది.

చాయ్ లెక్క మేమిద్దరం కలిసి వేసినప్పుడు ఆమే నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇంట్లో ఒకటి, డిపోలో ఒకటి, ప్రతి ట్రిప్పు చివర ఒకటి, మొత్తం రోజుకు ఏడు. చిన్న కప్పులే, కానీ బస్టాండ్ చాయ్ పాలతో పాటు చక్కెర వేసి మరిగించిందే, కప్పుకు ఎంత లేదన్నా రెండు చెంచాలు. రోజుకు యాభై అరవై గ్రాముల చక్కెర ఒక్క చాయ్‌లోనే పోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటుంది. మరి చక్కెర లేకుండా ఇవ్వమంటే? ఒక్క కప్పు కోసం విడిగా ఎవరు కాస్తారు. మానేద్దామంటే? అది ఒక్క చాయే కాదు, ట్రిప్పు అయ్యాక డ్రైవర్‌తో నిలబడి ఐదు నిమిషాలు ఊపిరి తీసుకునే వేళ అది. జనవరిలో మానేసిన తొమ్మిది రోజులూ ఆమె ఒక్కతే బస్సులో కూర్చుందట, "మంచిగ అనిపియ్యలే" అంది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి విపరీతమైన ఆకలి. తెల్లవారుజామున రెండు ఇడ్లీలో బోండాలో తిని, మధ్యలో చాయ్‌ల మీదే నడిపించి, రెండున్నరకు పళ్లెం ముందు కూర్చుంటే ఎవరికైనా చెయ్యి ఆగదు. అన్నం బంద్ పెట్టుకున్నది ఆ పళ్లెం చూసే. అసలు లోపం దానికి నాలుగు గంటల ముందు ఉంది.

ఇంకొకటి నీళ్లు. దారిలో మరుగుదొడ్డి దొరకని రూట్లలో ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. అక్క కూడా అంతే, తలనొప్పి అందుకే. దీనికి నేను ఏమీ చెయ్యలేకపోయాను. బస్టాండ్ ఉన్న చోటికి చేరే అరగంట ముందు తాగండి అన్నాను, కొన్ని రోజులు కుదిరింది, చాలా రోజులు కుదరలేదు. ఈ కేసులో తీరకుండా మిగిలిపోయినవాటిలో ఇది మొదటిది.

ఇన్ని వారాల్లో, ఏ డ్యూటీ అయినా, వానైనా ఎండైనా, మారకుండా జరిగేది ఏదైనా ఉందా అని వెతికాం. ఒకటి దొరికింది. డ్యూటీ దిగాక డిపోలో క్యాష్ కట్టి, మిషన్ అప్పజెప్పి, సంతకం పెట్టడం. మధ్యాహ్నం రెండైనా, రాత్రి ఎనిమిదైనా, అది లేకుండా రోజు ముగియదు. డిపో నుంచి ఇల్లు 1.6 కిలోమీటర్లు. రోజూ భర్త బండి మీద వచ్చి తీసుకెళ్తాడు.

సరే, క్యాష్ కట్టాక నడిచి ఇంటికి.

పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచీ చెబుతున్నది ఇదే. ఊరికే "నడవాలి" అనుకోవడం కన్నా "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను" అని ముందే ముడివేసుకున్నవాళ్లు చేసే అవకాశం ఎక్కువ. నాకు ఆ సంగతి చదువుకునే రోజుల నుంచీ తెలుసు. కానీ ముడి వెయ్యాల్సింది ఆ మనిషి రోజులో ఉన్న మేకుకు, నా చార్ట్‌లో ఉన్న టైముకు కాదని అర్థం కావడానికి ఈ కాగితం కావలసి వచ్చింది.

ఉగాది నుంచి

మొదలు ఎప్పుడు పెడదాం అంటే అక్క వెంటనే "ఉగాది" అంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. రేపే మొదలుపెట్టక ముహూర్తాలెందుకు అని నేను అనేదాన్నే, కానీ అనలేదు. కొత్త వారం, కొత్త నెల, పుట్టినరోజు లాంటి వాటి తర్వాత మనుషులు జిమ్‌కు ఎక్కువగా వెళ్తారని 2014లో హెంగ్‌చెన్ డాయ్, కేథరీన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ చూపించారు. పాత లెక్క మూసి కొత్త లెక్క తెరిచినట్టు అనిపించడమే దానికి కారణమని వాళ్లంటారు. మనకు ఏడాదికి రెండు కొత్త సంవత్సరాలున్నాయి, మొదటిది పోయినవాళ్లకు రెండోది వాడుకోవడంలో తప్పేముంది.

ఈసారి రెండే రెండు. క్యాష్ కట్టాక నడక. చాయ్ ఎన్నిసార్లైనా సరే, బయట మాత్రం వన్ బై టూ, డ్రైవర్‌తో చెరిసగం. వన్ బై టూ అక్క ఆలోచనే. డ్రైవరన్న కూడా "నాకూ షుగరే చెల్లే, మంచిగైంది" అన్నాడట.

బరువు గురించి ఏమీ రాసుకోలేదు. ఏదీ బంద్ లేదు.

నడకకు ఒక చిన్న రూపం కూడా ముందే పెట్టుకున్నాం. ఒంట్లో బాగాలేకపోయినా, మరీ ఆలస్యమైనా, డిపో లోపలే రెండు రౌండ్లు తిరిగి బండి ఎక్కొచ్చు. లెక్కకు అక్క ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండరే వాడాం, పాల లెక్క రాసే క్యాలెండర్. నడిస్తే నిలువు గీత, రెండు రౌండ్లకు చుక్క, ఏదీ లేకపోతే ఖాళీ. ఇంటూ గుర్తు పెట్టొద్దని గట్టిగా చెప్పాను. జనవరిలో అక్క తన డైరీలో పెట్టుకున్న ఎర్ర ఇంటూలు నేను చూశాను, ఐదు ఇంటూల తర్వాత ఆ డైరీ ఇక తెరవలేదు.

మొదటి వారంలోనే ఒక అడ్డు వచ్చింది. అది నేను ఊహించనిది. భర్తకు నచ్చలేదు. ఆయనకు ఆమె నడవడం ఇష్టం లేక కాదు, "దినమంత నిలబడి వచ్చినదాన్ని నడిపిచ్చుకుంట తీస్కపోతున్నడు అని వాడకట్టోళ్లు అనుకుంటరు" అని ఆయన బాధ. ఆయన్ని పిలిపించాను. ఆయన అత్తగారి, అంటే అక్క వాళ్ల అమ్మ, బొటనవేలి సంగతి ఆయనకూ తెలుసు. చివరికి ఆయనే దారి చెప్పాడు. మామూలుగానే బండి మీద వస్తాడు, బ్యాగూ టిఫిన్ డబ్బా తీసుకుని ముందు వెళ్తాడు, ఆమె ఖాళీ చేతులతో నడిచి వస్తుంది. నిజానికి ఆ బ్యాగు బరువు తగ్గడమే నడక నిలబడటానికి సగం కారణమని నాకనిపిస్తుంది.

మేలో దెబ్బ తిన్నాం. మధ్యాహ్నం రెండింటికి మా దగ్గర ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ ఎండలో నడవమని నేనైనా ఎలా చెబుతాను. ఏప్రిల్‌లో ప్లాన్ వేసేటప్పుడు మే గురించి ఆలోచించకపోవడం తప్పే. ఆ నెల 25 డ్యూటీలకు గీతలు 5, చుక్కలు 16, ఖాళీలు 4. అక్క క్యాలెండర్ ఫోటో పంపి "అంత చుక్కలే మేడం" అని రాసింది. నేను ఆ ఫోటో చాలాసేపు చూశాను. పాల లెక్కలో అర లీటరు, లీటరు అని రాసిన అంకెల పక్కన, వరసగా చిన్న చిన్న చుక్కలు, కొన్ని చోట్ల పెన్ను రాయకపోతే రెండుసార్లు గట్టిగా నొక్కినవి. జనవరి లెక్క ప్రకారం ఇది పూర్తిగా ఫెయిలైన నెల. కానీ నలభై డిగ్రీలు దాటిన ఎండల్లో 21 రోజులు క్యాష్ కట్టాక కాళ్లు బండి వైపు నేరుగా పోలేదు, కనీసం షెడ్డు నీడలో రెండు రౌండ్లైనా తిరిగాయి. అదే రాసి పంపాను.

21 అంటే గుర్తొచ్చింది, "ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైతదంట గదా, నాకింకా కాలేదేంది" అని జూన్‌లో అడిగింది. ఆ మాటకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్. మారిన ముఖానికి అలవాటు పడటానికి తన పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు, తర్వాత అందులోని "కనీసం" జారిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ, ఆమె తోటివాళ్లు 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చైంది, అందులో అలవాటు కుదురుకోవడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా తేడా రాలేదని కూడా వాళ్లు చూశారు. ఇది అక్కకు చెప్పినప్పుడు "రెండొందల యాభై నాలుగా, అయితే నాకింకా టైమున్నది" అని నిజంగా ఊరట పడింది. ఆగస్టులో ఒక రోజు తనే చెప్పింది, భర్త వేరే ఊరికి వెళ్తే తమ్ముడు బండి తెచ్చాడట, ఎక్కి కూర్చుంటే "ఏదో మర్చిపోయినట్టు" అనిపించి దిగిపోయిందట.

జూన్ చివర మూడోది కలిపాం, గుడాలు. రాత్రి నానబెట్టిన శనగలో బొబ్బర్లో పొద్దున ఉడికించి, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి చిన్న స్టీలు డబ్బాలో. మూడో ట్రిప్పు అయ్యాక చాయ్‌తో పాటు అవి. ఇంటికి చేరేసరికి ఆకలి సగమై ఉంటుంది, అన్నం తగ్గించమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు, పళ్లెంలో దానంతట అదే తగ్గింది. పొద్దున ఉడికించే పని మాత్రం అక్క మీద వెయ్యలేదు, పెద్దమ్మాయి ఇంటర్, ఆ పిల్ల తీసుకుంది.

ఆగస్టు, సెప్టెంబర్, బతుకమ్మ

ఆగస్టు ఆఖర్లో చిన్నోడికి జ్వరం. సెప్టెంబర్ మొదట్లో ఖమ్మం, మహబూబాబాద్ వైపు వరదలు, డ్యూటీలు తారుమారు. క్యాలెండర్‌లో వరసగా 13 డ్యూటీలు ఖాళీ. నేను ఫోన్ చెయ్యలేదు, కావాలనే చెయ్యలేదు, చాలా కష్టంగా ఉన్నా ఆగాను. పద్నాలుగో డ్యూటీ నాడు ఒక చుక్క. మర్నాడు చుక్క. ఆ తర్వాత గీత.

జనవరిలో ఆగిపోయాక మళ్లీ నా గదిలోకి రావడానికి ఏడు వారాలకు పైగా పట్టింది, అదీ నేను పిలిస్తే. ఈసారి 13 డ్యూటీలు, ఎవరూ పిలవకుండా. నా దృష్టిలో ఈ ఏడాది మొత్తంలో గొప్ప విషయం ఇదే, బరువు కాదు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరి ఫైల్‌లో ఒక గడి పెట్టాను, తెగిన తర్వాత తిరిగి మొదలుపెట్టడానికి పట్టిన రోజులు. ఎన్నిసార్లు తెగిందన్నది ఇప్పుడు రాయను.

అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ, 10న సద్దులు. ఆ తొమ్మిది రోజుల్లో డ్యూటీ దిగి బండి మీదే ఇంటికొచ్చి, స్నానం చేసి, బతుకమ్మ ఎత్తుకుని వెళ్లి గంట, గంటన్నర ఆడేది. "దీనికి గీత పెట్టొచ్చా" అని ఫోన్. గంటసేపు వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ తిరిగిన మనిషికి గీత కాక ఇంకేం పెట్టాలి, రెండు పెట్టుకోండి అన్నాను. ఒక్కటే పెట్టింది. సద్దుల నాడు మలీద తిన్నది, నువ్వుల సద్దీ తిన్నది, ఎంత తిన్నదో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

డిసెంబర్ లెక్క

ఏప్రిల్ 9 నుంచి డిసెంబర్ 31 వరకు అక్క చేసిన డ్యూటీలు 221. గీతలు 138, చుక్కలు 47, ఖాళీలు 36. బరువు 75.6 నుంచి 70.1కి, నడుము 97 నుంచి 91కి. హెచ్‌బీఏ1సీ మార్చిలో 6.4, జులైలో 6.1, డిసెంబర్‌లో 5.8. ఇంకా పూర్తిగా మామూలు స్థాయికి రాలేదు, మందు మాత్రం మొదలుపెట్టలేదు. అమెరికాలో 2002లో ఫలితాలు వచ్చిన పెద్ద అధ్యయనంలో ఇలాంటివాళ్లకు పెట్టిన బరువు లక్ష్యం ఏడు శాతం, అక్క తగ్గింది కూడా దాదాపు అంతే. ఆహారం, నడక మార్చుకున్న గుంపులో షుగర్ రావడం అక్కడ 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్ల మీదే చేసి 2006లో ప్రచురించినదాంట్లో ఆ తగ్గుదల 28.5 శాతం.

వారానికి 150 నిమిషాల నడక అని మేం చెబుతాం, అక్క చాలా వారాల్లో అందులో సగం దగ్గరే ఆగింది. కాబట్టి తగ్గిన బరువులో ఎక్కువ భాగం సగమైన చాయ్‌లది, గుడాలది అని నా అంచనా. ఒక్క మనిషి కేసు కాబట్టి ఖచ్చితంగా విడదీసి చెప్పలేను. అమ్మకు కట్టు మార్చే పని ఏడాదంతా అక్క మీదే ఉంది, ఆ భయం రోజూ కళ్లముందు లేకపోతే ఇంత నిలబడేదా అన్నది కూడా నేను చెప్పలేను.

డిసెంబర్ ఆఖర్లో వచ్చినప్పుడు అక్క పాత పేపర్ రోల్ ముక్క కూడా తెచ్చింది. ఆ కాగితం మీద పెన్ను సిరా ఉంది గానీ ముందువైపు అచ్చు మాత్రం వెలిసిపోయింది. ఆఖరి లైను మీద వేలు పెట్టి "15 రాసిన, ఐదున్నరే తగ్గిన" అంది. నిజమే, ఆ కాగితం ప్రకారం ఏడింటిలో ఒక్కటీ నెరవేరలేదు. అన్నం తింటోంది, చాయ్ తాగుతోంది, చక్కెర ఉంది, బయటి తిండి వారానికి రెండుసార్లు ఉంది. నేను మార్చి నాటి రిపోర్టు, డిసెంబర్ రిపోర్టు పక్కపక్కన పెట్టాను. ఆమె వాటిని చూసి ఆ ముక్కను మళ్లీ మడిచి బ్యాగులోనే పెట్టుకుంది, పారెయ్యలేదు.

ఆ రోజు మేం ఇద్దరం ఒక్క విషయమే మాట్లాడుకున్నాం, రాబోయే సంక్రాంతి. భోగి 13, పండగ 14, స్పెషల్స్ ఎనిమిదో తారీఖు నుంచి. ఆ పది రోజులూ గీతలు ఉండవని ముందే ఒప్పుకున్నాం. చుక్క పెడితే చాలు, చాయ్ వన్ బై టూ, గుడాల డబ్బా పండగ రోజుల్లో లేకపోయినా పర్వాలేదు, సకినాలు ఇంట్లో చేసినప్పుడు అందరితో కూర్చుని తినొచ్చు, డబ్బా మాత్రం డ్యూటీకి తీసుకుపోవద్దు. మళ్లీ గీత ఏ తారీఖున అని అడిగితే కాసేపు లెక్క వేసుకుని "పద్దెనిమిది" అంది. క్యాలెండర్‌లో 18 చుట్టూ అప్పుడే సున్నా చుడతానంది.

2025 జనవరి 20న వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ఎనిమిది నుంచి పదిహేడు వరకు ఏడు చుక్కలు, మూడు ఖాళీలు. పద్దెనిమిది చుట్టూ సున్నా, లోపల చుక్క. పంతొమ్మిదిన గీత. కింద మెసేజ్‌లో, "ఒక్క రోజు లేటైంది మేడం. పద్దెనిమిదిన రిటర్న్ రష్, ఎనిమిదిన్నర దాటింది దిగేసరికి. మా డిపోల ఇంకో అక్కకు కూడ షుగర్ వచ్చింది, ఆమెను తీస్కొస్త, పగటి డ్యూటీ ఉన్న వారం ఏ రోజు రమ్మంటరు?"